రెండు గోపురాలా, మూడు గోపురాలా

ఫోనులో పాత వెండి సామాన్ల వెనక ఉండే ముద్రలు చూడ్డం నా పిచ్చి. తిరుపతిలో పుట్టిన మనిషికి డెన్మార్కు స్పూన్లతో ఏం పని అని మా వాళ్లు నవ్వుతారు. నవ్వనీ. స్వీడన్ వెండికి మూడు కిరీటాలు, ఫిన్లండు వెండికి గుండె బొమ్మలో ఒక కిరీటం, డెన్మార్కు వెండికి మూడు బురుజులు. ఆ బురుజుల ఫోటో మొదటిసారి చూసిన రోజు పొయ్యి మీద సాంబారు మాడిపోయింది. అలాంటి బొమ్మ మా దేవుడి గూట్లోనే ఉందని చిన్నప్పట్నుంచీ వింటున్నదాన్ని మరి!

మా అవ్వ వయసులో ఉన్నప్పుడు ఒక మిషన్ ఆస్పత్రిలో వంట చేసేది. అక్కడి తెల్ల నర్సమ్మ తన దేశానికి తిరిగి పోతూ ఒక స్పూను ఇచ్చిందట. వెనక్కి తిప్పి చూస్తే గోపురాలు! అవ్వకు ఇంకేం కావాలి? స్వామే పంపించాడని దాన్ని దేవుడి దగ్గర పెట్టి, ఆ ముద్రకు శుక్రవారం శుక్రవారం కుంకుమ పెట్టింది. అవ్వ పోయాక అమ్మ పెట్టింది. ఇంట్లో పిల్లలందరం ఆ స్పూనుతోనే తీర్థం తాగి పెరిగాం.

ఈ మధ్య మా తమ్ముడి కూతురికి పుట్టెంట్రుకలు తీయించాలనుకున్నారు. ఆ స్పూను కరిగించి పాపకు కాలిగజ్జెలు చేయిస్తానంది అమ్మ. చిత్తూరులో మాకు వాడుకైన కంసాలి ఆచారి దగ్గరికి మర్నాడే ప్రయాణం. నా ప్రాణం గిలగిల్లాడింది. అవ్వది అని చెప్పుకోవడానికి మాకు మిగిలింది అదొక్కటే.

అప్పుడు గుర్తొచ్చింది. మూడు బురుజులుంటే అసలు వెండి. రెండే ఉంటే లోపల వేరే తెల్ల లోహం, పైన వెండి పూత. పూతదైతే ఏ ఆచారీ కరిగించడు. మరి మా స్పూను మీద ఎన్ని? ఏండ్ల తరబడి పెట్టిన కుంకుమ గట్టిపడిపోయి, ఎర్రటి ముద్ద తప్ప ఏమీ కనిపించదు. మా ఇంట్లో డెన్మార్కు వెండి ఉందని ఊరంతా గొప్పలు పోయినదాన్ని, కొండ మీద అఖిలాండం దగ్గర టెంకాయ కొడతాను స్వామీ, అది వెండి కాకుండా చూడమని మొక్కుకున్నాను.

పొద్దున్నే చింతపండు, సూది, భూతద్దం పట్టుకుని వంటింట్లో కూర్చున్నాను.

"ఏందే ఆ పని? సామికి పెట్టిన కుంకుమను సూదితో గెలుకుతావా?" అని అమ్మ కేకేసింది.

"గోపురాలు లెక్క పెడతా ఉండానమ్మా."

"లెక్క పెట్టేకి ఏముండాది? మూడని మీ అవ్వ సెప్పలా?"

"ఒకటుంటే సాలదా?" అన్నాడు నాయన పేపరు దించకుండానే.

మొదటి బురుజు బయటపడింది. దాని పక్కన ఇంకొకటి. మూడోది ఉండాల్సిన చోట చింతపండు రుద్దాను, సూది తిప్పాను, ఊదాను. ఖాళీ. నున్నగా, హాయిగా ఖాళీ!

"వెండి కాదమ్మా! పూత!" అని ఎగిరి గంతేశాను. కాలు తగిలి చెంబు దొర్లింది. ఇంట్లో ఉన్నది వెండి కాదని తేలితే చిందులేసిన మనిషి ఈ జిల్లా మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అమ్మ స్పూను లాక్కుని తిప్పి తిప్పి చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి పీట మీద కూలబడింది.

"దీన్ని ఆచారి సేతికి ఎట్లా ఇచ్చేదిరా సామీ అని రాత్రి కన్ను మూస్తే ఒట్టు" అంది.

"మరి కరిగిస్తానని ఎందుకన్నావు?"

"మీ అవ్వది ఏదో ఒకటి పాపకు దక్కాల గదే."

గజ్జెలు కొత్తవే కొన్నాం. నా టెంకాయ నేను కొట్టాను. గుండుకు గంధం పూసుకుని కొండ దిగి వచ్చిన పాపకు అమ్మ ఆ స్పూనుతో తీర్థం పోసింది. పాప గుటుక్కున మింగి, స్పూను లాక్కుని గచ్చుకేసి టంగుమని కొట్టింది. నేను కెవ్వుమన్నాను.

"కొట్టనీవే" అంది అమ్మ. స్పూను అంచు మీద ఉన్న ఒక సొట్ట చూపించింది. "ఇది నీ పనే. ఈ వయసులో నువ్వు కొట్టినావు. మీ అవ్వ నిన్ను ఒక్క మాట అన్లా."

భూతద్దం పెట్టుకుని ఆ స్పూనును అంతసేపు చూశానా, ఆ సొట్ట నా కంట పడనే లేదు.