ఆర్డినరీ ట్రంకాల్ మీద వచ్చిన పెళ్ళి పిలుపు

మా బంధువుల్లో ఎవరింట్లో పెళ్ళి జరిగినా భోజనాల దగ్గర ఈ సంగతి ఒకసారి బయటికి రాక తప్పదు. ఒకరు మొదలుపెడతారు, ఇంకొకరు అందుకుంటారు, వడ్డించేవాళ్ళు పప్పు బకెట్ కింద పెట్టి మరీ నవ్వుతారు. నేను అదే బంతిలో కూర్చుని ఉంటాను. అసలు జరిగిందేమిటని ఈరోజు దాకా నన్ను ఒక్కరూ అడగలేదు. టెలిఫోన్ ఆఫీసుకు పెట్టుకున్న దరఖాస్తులకు జవాబు రాలేదు. మా బావ దగ్గర నుంచైతే అసలే రాలేదు. అందుకని ఎవరూ అడక్కపోయినా నేనే చెబుతున్నాను.

మాది నల్గొండ జిల్లాలో చిట్టచివరి ఊరు. ఊరి అవతల ఆముదపు చేలు, చేల అవతల డిండి వాగు. వాగు దాటితే పాలమూరు జిల్లా మొదలవుతుంది. అవతలి గట్టు మీద కనిపించే మొదటి ఊరే మా అక్కనిచ్చిన ఊరు. మా మిద్దె ఎక్కితే ఆ ఊరి మసీదు గోడకు వేసిన సున్నం కనిపిస్తుంది. గాలి ఇటు తిరిగితే వాళ్ళ కుక్కల అరుపులకు మా కుక్కలు జవాబు చెబుతాయి. కుక్కలకు ఉన్న ఆ సౌకర్యం మనుషులకు లేదు. మా ఊరి తీగ నల్గొండకు పోతుంది, వాళ్ళ ఊరి తీగ పాలమూరుకు, అంటే మహబూబ్‌నగర్‌కు పోతుంది. రెండూ కలిసేది హైదరాబాదులో. వాగు అవతల ఉన్న మా అక్కతో ఒక్క మాట చెప్పాలంటే ఆ మాట నల్గొండ చూసి, పట్నం చూసి, పాలమూరు చూసి, అప్పుడు తీరిగ్గా అక్క ఊరికి చేరాలి. వాగు మీదుగా నాలుగు స్తంభాలు పాతండి మహాప్రభో అని నేను రాయని ఆఫీసు లేదు.

మా ఊరికి మండలం హోదా వచ్చిన కొత్తలో ఒక చిన్న ఎక్స్‌చేంజి కూడా వచ్చింది. నాకు ఆముదాల దుకాణం ఉండేది కాబట్టి మొదటి కనెక్షన్లలో ఒకటి నాకు దొరికింది. నల్లటి ఫోను. డయల్ లేదు. పక్కన ఒక చెయ్యి ఉంటుంది, దాన్ని గిర్రున తిప్పితే ఎక్స్‌చేంజిలో గంట మోగి, ఆపరేటర్ భాయ్ లైన్లోకి వస్తాడు. నంబరు ఆయనకు చెబితే ఆయన కలుపుతాడు. వాగు అవతల ఊరికైతే ట్రంకాల్ బుక్ చేసి కూర్చోవాలి. మా అక్క వాళ్ళ ఊళ్ళో ఫోను ఒక్క పోస్టాఫీసులోనే ఉండేది.

ఆ నల్ల ఫోను బాగానే పనిచేసేది. కానీ ఒకసారి సరుకు పనిమీద పట్నం పోయినప్పుడు కోఠిలో ఎర్రటి ఫోను చూశాను. నున్నగా, అంకెల బటన్లతో, కుంకుమ భరిణెలా ఉంది. కొన్నాను. తెచ్చి నల్లదాని స్థానంలో తగిలించాను. ఎవరైనా ఫోను చేస్తే అది చక్కగా మోగేది. నేను చేయబోతే మాత్రం ఏ బటను నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఎక్స్‌చేంజికి పోయి భాయ్‌ని నిలదీశాను.

"సేట్, దానికి తిప్పే చెయ్యి ఉన్నదా?" అన్నాడు భాయ్, పాన్ ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుంటూ.

"ఎందుకుంటది? కొత్త మోడల్ గది."

"చెయ్యి తిప్పకుంటే నాకు గంట మోగది. గంట మోగకుంటే నువ్వు ఫోన్ లేపినట్టు నాకెట్ల ఎరుక? పాత డబ్బా పెట్టుకో సేట్. గీ ఎర్రది షోకేసుల పెట్టు."

నేను పెట్టలేదు. ఫోను కొన్నది నేను. దానికి తగ్గట్టు మారాల్సింది ఎక్స్‌చేంజి. ఈ మాట మీద నేను ఇప్పటికీ నిలబడే ఉన్నాను. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే మా బావ దగ్గర నుంచి ట్రంకాల్ వచ్చింది.

ఇక్కడ మా బావ గురించి చెప్పాలి. అంతకు ముందు సంవత్సరం ఆయన కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేశాడు. వచ్చినవాళ్ళందరికీ కుర్చీలు వేయించాడు. ఎవరో పట్వారీ గారి తమ్ముడికి కూడా కుర్చీయే. నాకు మాత్రం ఆముదాల బస్తా చూపించి, "బామ్మర్దీ, నీకు అలవాటే గదా, గాడ కూసో" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను, తిన్నాను, లేచి వచ్చాను. ఇక ఆ మనిషి స్వయంగా మా గడప తొక్కి, బొట్టు పెట్టి పిలిస్తే తప్ప ఆ ఇంట్లో అడుగుపెట్టనని మా అమ్మ ముందే చెప్పాను.

అక్క కూతురికి సంబంధం కుదిరిందని నాకు తెలుసు. ముహూర్తం పెట్టుకున్నాక మేనమామను పిలవడానికి ఎవరైనా వస్తారు. పెళ్ళికూతురిని ఎత్తుకొచ్చి పీటల మీద కూర్చోబెట్టాల్సింది మేనమామే కదా. అది ఎండాకాలం. వాగులో ఇసుక తప్ప నీళ్ళు లేవు. వాగొచ్చి రాలేకపోయామనే సాకు కూడా లేదు. నేను రోజూ తెల్ల చొక్కా వేసుకుని దుకాణంలో కూర్చున్నాను. బావ రాలేదు. ఒకరోజు సాయంత్రం ఎర్ర ఫోను మోగింది.

"హలో బామ్మర్దీ! మంచిగున్నవా?"

"మంచిగనే ఉన్న బావా. మీరు మంచిగున్నరా?"

"మంచిగనే. చెల్లె మంచిగున్నదా?" చెల్లె అంటే నా భార్య. "అత్తకు మోకాళ్ళ నొప్పులు తగ్గినయా?"

"తగ్గినయి, మళ్ళ వచ్చినయి. మీ అమ్మకు దగ్గు ఎట్లున్నది?"

"ఉన్నది ఉన్నట్టే. బర్రె ఈనిందా?"

"ఈనింది. పెయ్యదూడ."

"శుభం, శుభం. నిన్న మీ దిక్కు గాలివాన పడ్డదా?"

"మీ దిక్కు పడ్డ వానే గద బావా మా దిక్కు పడేది."

"అవును, నిజమే. అగో, అసలు సంగతే మరిచిన. పిల్ల పెండ్లి వచ్చే ఆదివారం..."

అప్పుడు మధ్యలో వేరే గొంతు వచ్చింది. పట్నం ఆపరేటరో పాలమూరు ఆపరేటరో నాకు తెలియదు. "మూడు నిమిషాలయినయ్. ఇంకా పెంచాల్నా?"

మా బావ గొంతు ఎప్పటికన్నా స్పష్టంగా వినిపించింది.

"చాలు."

లైను తెగిపోయింది. నేను అలాగే ఫోను చెవికి పెట్టుకుని ఉన్నాను. తిరిగి కలపమందామంటే తిప్పడానికి చెయ్యి లేదు. కోపంలో ఎర్ర ఫోను బటన్లన్నీ నొక్కాను.

వెంటనే చెప్పులు వేసుకుని ఎక్స్‌చేంజికి పోయాను. "భాయ్, ఇప్పుడొచ్చిన కాల్ ఏ రకంది? లైట్నింగా, అర్జెంటా?"

"ఆర్డినరీ."

ట్రంకాల్స్ సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అన్నిటికన్నా త్వరగా కలిపేది లైట్నింగ్. దాని కింద అర్జెంట్. ఏ ఆదరువూ లేనిది ఆర్డినరీ, వరసలో నిలబడి ఎప్పుడో కలుస్తుంది. ఒక మనిషి పేరు చెప్పి ఆయనతోనే మాట్లాడతామంటే అది పీపీ కాల్, దానికి కొంచెం ఎక్కువ. పేరు చెప్పకుండా నంబరు మాత్రమే చెబితే, ఫోను ఎవరెత్తినా సరే అన్నట్టు.

"పీపీ చేసిండా?"

"లేదు సేట్. ఉత్త నంబర్ కాల్."

అంటే నా పేరు కూడా చెప్పలేదు. ఆ సమయంలో దుకాణంలో హమాలీ ఫోను ఎత్తి ఉంటే పిలుపు వాడికి పోయేది. "ఎప్పుడు బుక్ చేసిండు?" అని అడిగాను.

"పొద్దుగాల అయి ఉంటది. లైన్ బిజీ ఉంటది గద."

పొద్దున బుక్ చేసి సాయంత్రం దాకా పోస్టాఫీసు అరుగు మీద కూర్చున్నాడన్నమాట. అంతసేపట్లో వాగు దాటి మా ఇంటికొచ్చి, బొట్టు పెట్టి, భోంచేసి, ఒక కునుకు తీసి తిరిగి వెళ్ళేవాడు. భాయ్ కూడా అదే అన్నాడు. కానీ ఆయన నాకు చెప్పిన సలహా వేరు. "నువ్వు గూడ ఉల్టా కాల్ చేస్తవా సేట్? దాని బదులు నడిచిపో. పెండ్లి తారీఖైతే తెలిసింది గద, ఫికర్ ఎందుకు?"

మా ఇంట్లో కూడా ఎవరికీ విషయం అర్థం కాలేదు.

"పిలిచిండు గద ఏమయ్యా," అంది నా భార్య.

"పెండ్లి ఆదివారం అన్నడు. రమ్మనలేదు. ఇంకో మూడు నిమిషాలు పెంచితే ఆ మాట గూడ పట్టేది. చాలు అన్నడు. మేనమామకు గింతే చాలు అన్నడు."

"మొదటి మూడు నిమిషాలు బర్రె గురించి నువ్వు గూడ చెప్పినవు గద!"

అడిగితే చెప్పొద్దా? మర్యాద తెలియదా నాకు?

మా రెండు ఊళ్ళ మధ్య డబ్బు తీసుకోకుండా మాట మోసేది ఒక్క గొర్రెల కాపరి పెద్దాయనే. ఆయన రోజూ మందను వాగు దాటిస్తాడు. ఆయనతో బావకు కబురు పంపాను: పిలుపు పూర్తి కాలేదు, వచ్చి పూర్తి చేసుకోవాలి. పెద్దాయన మర్నాడు మందతో తిరిగొచ్చి, కర్ర మీద గడ్డం ఆనించి జవాబు చెప్పాడు.

"మీ బావ ఏమంటుండంటే, ఊరందరిని కాలినడకన తిరిగి పిలిచిండట. ట్రంకాల్ మీద పిలిచింది నిన్నొక్కణ్ణేనట. గంత ఇజ్జత్ ఇచ్చినా గిట్లనా అని బాధపడుతుండు."

"ఇజ్జతా? ఆర్డినరీలో ఏం ఇజ్జత్? కనీసం అర్జెంట్ అన్నా చేసిండా? పోయి అడుగు."

"నాకు గవన్నీ తెల్వయ్ సేటూ. నేనైతే అందరికి ఒక్క తీరుగనే చెప్త. గొర్లకు గూడ."

ఆయన అడిగాడో లేదో తెలియదు. ఆ మర్నాడు మంద వేరే దిక్కు మేతకు పోయింది. లైను మళ్ళీ తెగింది.

శనివారం వచ్చింది. అవతలి ఊళ్ళో పందిరి గుంజలు మా మిద్దె మీది నుంచి కనిపిస్తున్నాయి. డప్పులు వినిపిస్తున్నాయి. మా అమ్మ ట్రంకు పెట్టెలోంచి మనవరాలికి పెట్టాల్సిన పట్టుచీర తీసి, ఒళ్ళో పెట్టుకుని, నా వైపు వీపు తిప్పి కూర్చుంది. ఆ పిల్లను పురిటి మంచం మీద నుంచి మొదట ఎత్తుకున్నది నేను. ఎత్తుకుంటే గుక్కపట్టి ఏడ్చి, నా మీసం పట్టుకున్నాక ఊరుకుంది. పోవాలని నాకు లేదని ఎవరన్నారు? పోవడానికి ఒక దారి ఉంటుంది, ఆ దారి తెరవాల్సింది అవతలి వాళ్ళు. ఫోను దగ్గరే కూర్చున్నాను. ఆర్డినరీ అయినా సరే, ఇంకో కాల్ వస్తే ఎత్తుదామనుకున్నాను.

ఆదివారం పొద్దున, ఎండ ముదరకముందే, అక్క వచ్చింది. చీర కుచ్చెళ్ళకు వాగు ఇసుక, చేతులకు పసుపు, చేతిలో కుంకుమ భరిణె. ఇంట్లోకి కూడా రాలేదు, నేరుగా దుకాణంలోకే వచ్చింది.

"ఏందిరా? అక్క బిడ్డ పెండ్లికి టెలిఫోనోళ్ళ ఆర్డర్ రావాల్నా నీకు?"

"అక్కా, బావ చాలు అన్నడు."

"చాలు అనక ఏం జేస్తడు? వెనుక పోస్టు మాస్టర్ గడియారం చూపిచ్చుకుంట నిలబడ్డడట. నీ అలుగుడు సల్లగుండ, ముఖం ఇటు తిప్పు."

తిప్పాను. నా నుదుటి మీద బొటనవేలంత బొట్టు పెట్టింది. అక్కడితో ఆగలేదు. ఎర్ర ఫోనుకు కూడా నడిమధ్యలో ఒక బొట్టు పెట్టింది. "దీన్ని గూడ పిలుస్తున్న. లేకుంటే రేపు ఇది గూడ అలుగుతది. ఇగ నడువు. అమ్మా, ఓ మరదలా, బయలుదేరుండ్రి."

వాగు ఇసుకలో అక్క ముందు, మేము వెనుక. దుకాణానికి తాళం వేయడం కూడా మరిచిపోయాను. పోయేసరికి పిల్ల గదిలో కూర్చుని ఉంది. మామా అని లేచి నా మీసం చూసి నవ్వింది. ఎత్తుకొచ్చి పీటల మీద కూర్చోబెట్టాను. బరువు పెరిగింది, నా నడుం పట్టేసింది. కానీ కింద పెట్టేదాకా ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. ఆ విషయంలో నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

ఫిర్యాదు బావ మీదే. ఆ రోజు భోజనాల దగ్గర ఆయన నాకు కుర్చీ వేయించి, తానే వడ్డించాడు. అదంతా సరే. నేను ఒకటే అడిగాను: ఆపరేటర్ పెంచాల్నా అంటే చాలు అని ఎందుకన్నావు?

"ముందు తిను బామ్మర్దీ, చల్లారుతది," అన్నాడు.

పిలిచింది అక్క. అక్క మా ఇంటి పిల్ల. తోడబుట్టినదాని పిలుపు బావ పిలుపు లెక్కలోకి రాదు. దాన్ని పూర్తి చేయమని దసరాకు అడిగాను, పెద్దల కర్మల్లో అడిగాను, చివరికి ఆ పిల్ల బిడ్డ తొట్టెల పండుగలో కూడా అడిగాను. ప్రతిసారీ ఏదో ఒకటి చల్లారుతుంటుంది.

తరువాత తరువాత రెండు ఊళ్ళ ఎక్స్‌చేంజీలూ మారాయి. ఆపరేటర్ లేకుండానే కలిసే లైన్లు వచ్చాయి. నా ఎర్ర ఫోను, చెయ్యి లేకుండానే, బ్రహ్మాండంగా పనిచేయడం మొదలుపెట్టింది. నేను చెప్పిందే జరిగిందని భాయ్ కూడా ఒప్పుకోలేదు. వాగు అవతలికి చేస్తే ఇప్పటికీ ఎస్టీడీయే. అయినా నేనే చేస్తున్నాను. బావ తన ఇంట్లోనే ఫోను పెట్టించుకున్నాడు. మొదటి రింగుకే ఎత్తుతాడు. నా గొంతు గుర్తుపడతాడు. నేను "బావా, ఆ రోజు..." అనగానే, "హలో, హలో, వినపడ్తలేదు బామ్మర్దీ, లైన్ మంచిగలేదు" అని పెట్టేస్తాడు.

బావా, లైను మంచిగానే ఉంది. నువ్వు చాయ్ ఊదుకుంటూ తాగే చప్పుడు కూడా వినిపిస్తోంది. వెనుక అక్క "ఎవరూ?" అంటే నువ్వు "ఎవరూ లేరు" అనడం కూడా వినిపిస్తోంది. ఇప్పుడు నీ వెనుక గడియారం చూపించే పోస్టు మాస్టరు లేడు. నిమిషాలకు డబ్బు కట్టేది నేను, ఎన్నయినా కడతాను. ఫోను పెట్టెయ్యకుండా ఒక్క సంగతి చెప్పు: ఎందుకన్నావు చాలు అని?