యంత్రం కింద పరిచిన కాగితం

పీయూసీ పాసైన ఏడాది, బాపట్ల కాలేజీలో బీఏ చేరడానికి తెప్పించుకున్న దరఖాస్తు నా డైరీలో మడతపెట్టి ఉండేది. నాన్న కాదనలేదు. "ఆ మిషన్ కారడం ఆగనియ్యమ్మా, పంపిస్తాను" అన్నారు.

తెనాలిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇనప పెట్టెలు, బీరువాలు చేయించేవారు. రేకు వంచడానికి నాన్న ఒక పాత హైడ్రాలిక్ మిషన్ కొన్నారు. నూనె ఒత్తిడికి లావుపాటి ఉక్కు కడ్డీ కిందికి దిగి రేకును అచ్చులోకి నొక్కేది. ఆ కడ్డీ వెంబడే నూనె కారేది. నూనె పడ్డ రేకుకు రంగు పట్టదు. అమ్మిన నెలకే పొలుసులు లేచి పెట్టె వెనక్కి వచ్చేది. పనివాళ్ళు సరిగా తుడవరని, సాయంత్రం వాళ్ళు వెళ్ళాక మిషన్ తుడిచే పని నాకు అప్పగించారు.

మనుషుల ముందు నోరు పెగలని నాకు ఖాళీ షెడ్డు మొదట్లో బాగానే ఉండేది. కడ్డీ తళతళలాడితే నాన్న సంతోషించేవారు. వెళ్ళేముందు మిషన్ కింద పాత నోట్‌బుక్కు కాగితం పరిచి, పొద్దున్నే ఎన్ని చుక్కలు పడ్డాయో లెక్కపెట్టేదాన్ని. చదివిన నవలల గురించి డైరీలో రాసుకునే చోట చుక్కల లెక్కలు చేరాయి. పన్నెండు. పదిహేను. ఇరవై రెండు. పెద్ద పనివాడు పానాతో బోల్టులు బిగించినకొద్దీ చుక్కలు పెరిగాయి. దరఖాస్తుకు గడువు దగ్గరపడుతోంది.

చివరికి రేపల్లె నుంచి ఒక ముసలి మేస్త్రీని పిలిపించారు. ఆయన బోల్టుల జోలికి పోలేదు. కడ్డీ మీద గోరు ఆనించి పైనుంచి కిందికి లాగాడు.

"గోరు ఆగుతోందండి. అన్నీ గీతలే. ఇది దిగినప్పుడల్లా నూనె ఆపే లోపలి తోలు వాషర్ని కోసేస్తోంది. బిగిస్తే ఇంకాస్త కోస్తుంది గానీ కారడం ఆగుతుందేంటి?"

వాషరు ఊడదీసి వేళ్ళ మధ్య నలిపాడు. బూడిద రంగు ముద్ద.

"ఊక బూడిద! ఏమండోయ్, దీన్ని అంట్లగిన్నెలా తోమిందెవరండీ?"

నాన్న పెద్ద పనివాడి వైపు తిరిగారు. "నీ పనేనా?"

"మా ఇంట్లో గిన్నెలే తోమనండి, దీన్ని తోముతానా!"

అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. "రేపట్నించి నువ్వు పనిలోకి రావద్దు" అన్నారు.

మజ్జిగ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఇత్తడి బిందె తోమినట్టు రోజూ ఆ కడ్డీ తోమింది నేనే. ఇంట్లో మెరవాల్సినవన్నీ మేం బూడిదతోనే తోముతాం.

"నేనే నాన్నా."

మేస్త్రీ నా వైపు చూసి, "పోన్లేమ్మా, శుభ్రం ఎక్కువై వచ్చిన జబ్బు" అన్నాడు. ఎమెరీ అనే సన్న గరుకు కాగితంతో కడ్డీ నున్నగా చేసి, నూనెలో నానబెట్టిన కొత్త వాషరు వేశాడు. ఇకమీద మెత్తటి నూలు గుడ్డ ఆ నూనెలోనే ముంచి తుడవాలని, బోల్టులన్నీ సమంగా, పట్టు దొరికేంతవరకే బిగించాలని చెప్పాడు. అంతా డైరీలో రాసుకున్నాను. పెద్ద పనివాడు మర్నాడు మామూలుగానే వచ్చాడు.

మూడు రోజులు కాగితం తెల్లగానే ఉంది. నాలుగో రోజు దాన్నీ దరఖాస్తునూ కలిపి పట్టుకెళ్ళాను.

"ఒక్క చుక్క లేదు నాన్నా."

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. మొహం వెలిగింది. "చూశావా! ఎలా చూసుకోవాలో ఇప్పుడు నీకే తెలుసు. ఇంకొకళ్ళ చేతిలో పెడితే మళ్ళీ మొదటికొస్తుంది." కింద ఉన్న దరఖాస్తును చూడకుండానే రెండూ కలిపి నాకిచ్చేశారు.

కారినన్నాళ్ళూ ఎప్పుడో ఆగుతుందని ఎదురుచూశాను.

ఆ సాయంత్రం పాత పంచె ముక్క నూనెలో ముంచి కడ్డీ తుడిచాను. షెడ్డు గుమ్మంలోంచి, బావి గట్టు మీద బూడిద డబ్బా కనబడుతోంది. కాసేపు దాని వంకే చూశాను. తర్వాత అది కనబడకుండా తలుపు దగ్గరగా వేసి, మిషన్ కింద కొత్త కాగితం పరిచాను.