చినమెరక పంపులో ఉప్పునీళ్లు

సువార్తమ్మ వండిన పప్పు ఉడకలేదన్న మాట చినమెరక బడిలో అంతకుముందు ఎవరూ అనలేదు. ఎలిమెంటరీ స్కూల్లో మధ్యాహ్న భోజనం ఆవిడ చేతికి వచ్చినప్పటి నుంచీ ఆ పప్పుచారుకి ఒక పేరుండేది. అలాంటిది, వేసవి సెలవులు అయి బడి తెరిచిన వారంలోనే కందిపప్పు బద్దలు బద్దలుగా గిన్నెలో తేలింది. సరుకు మంచిది కాదేమో అనుకుంది. మర్నాడు పెందలాడే వచ్చి నానబోసింది, చిటికెడు వంటసోడా వేసి చూసింది. ఎంత మంట పెట్టినా పప్పు మెదగలేదు. పిల్లలు చారు పక్కన పారబోసి, ఉత్త అన్నం గుడ్డుతో తిని లేచిపోతుంటే ఆవిడకి తల కొట్టేసినట్టయింది. అందరూ వెళ్లాక బడి పంపు కింద దోసిలి పట్టి ఒక గుక్క నోట్లో పోసుకుంది. పోసుకున్నది పోసుకున్నట్టే ఉమ్మేసింది.

మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో ఉంటుంది చినమెరక. అక్కడ నేల కింద మంచినీళ్లు పల్చటి పొరగా ఉంటాయి, ఆ పొర కింద ఉన్నదంతా ఉప్పే. పాతకాలం వాళ్లు ఆ సంగతి ఎరిగి పంపులు లోతు దించకుండా పైపైనే వేసుకుని, తరాల తరబడి తాగారు. రొయ్యల చెరువులు వచ్చాక లెక్క మారింది. మొదట ఉప్పుటేరు పక్కన, పనికిరాని చౌడు నేలలో తవ్వారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత మురుగు కాలువ వెంబడి వచ్చాయి, ఆ తర్వాత వరి చేలల్లోకి దిగాయి. ఏడాది పొడుగునా ఉప్పునీళ్లు నిలవుంటే ఆ ఊట పక్క చేలోకి దిగకుండా ఎలా ఉంటుంది? ఆ నీళ్లలో కలపడానికని మళ్లీ మంచినీటి బోర్లు వేసి రాత్రింబవళ్లు తోడారు. పైనున్న మంచినీళ్లు తగ్గాయి, కిందున్న ఉప్పు పైకొచ్చింది. బడి పంపు కన్నా ముందే, సువార్తమ్మ ఉండే పేటలో చేతిపంపు చెడిపోయింది. సబ్బు నురగ రావడం మానేసింది, పొయ్యి మీద పెట్టిన పాలు విరిగిపోయేవి. పేటవాళ్లు ఎవరికి వాళ్లు మంచినీళ్ల టిన్నులు కొనుక్కుని ఊరుకున్నారు.

సువార్తమ్మ కూడా ఊరుకునేదే. ఆవిడ నోరు పెట్టుకు బతికే మనిషి కాదు. లూథరన్ చర్చిలో ఆదివారం వెనక వరసలో కూర్చుంటుంది, పాట వచ్చినా గట్టిగా పాడదు. మొగుడు ఏసుపాదం రొయ్యల చెరువు గట్టు మీదే కాపలా పని చేసేవాడు. భీమవరం నుంచి వచ్చి ఊళ్లో పొలాలు లీజుకి తీసుకున్న జగన్నాథరావు గారి చెరువులవి. తినే కూడు అక్కణ్ణించే వస్తున్నప్పుడు నోరెత్తడం కుదరదని ఆవిడకీ తెలుసు.

అలాంటి రోజుల్లో గ్రామ సచివాలయం గోడకి ఒక నోటీసు అంటించారు. చినమెరక దక్షిణపు పొలమంతా ఆక్వా జోన్‌లో కలపాలని జిల్లాలో ఆలోచిస్తున్నారనీ, అభ్యంతరాలుంటే చెప్పుకోవచ్చనీ, గ్రామసభ పెడతారనీ దాని సారాంశం. ఇప్పటిదాకా తవ్వినవి దొంగచాటు చెరువులైతే, ఇకమీదట తవ్వేవాటికి అనుమతులుంటాయన్నమాట. బడి పంపూ, పేట చేతిపంపూ రెండూ ఆ దక్షిణపు పొలాన్ని ఆనుకునే ఉన్నాయి.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక పెద్దిరాజు గారు చర్చి దగ్గరికి వచ్చారు. ఆయన ఊరి రైతు, దక్షిణాన వరి చేలూ గట్ల మీద కొబ్బరీ ఉన్న మనిషి. సువార్తమ్మ చిన్నప్పటి నుంచీ ఆయన చేలో నాట్లు వేసింది. పేటలోకి ఆయన తనంతట తాను రావడం అదే మొదలు. మెట్ల మీద కూర్చుని, మాకు పొలం పోతుంది, మీకు నీళ్లు పోతాయి, విడివిడిగా చెప్తే ఎవడూ వినడు, కలిసి వెళ్దాం అన్నారు. ఇన్నేళ్లూ గుర్తురాని పేట ఇప్పుడు గుర్తొచ్చిందా అని కొందరు గొణిగారు. సువార్తమ్మకీ ఆ మాటే తోచింది. కానీ పిల్లలు పారబోసిన చారు కళ్లముందు మెదిలి, నేనొస్తానండి అంది.

అలా మొదలైంది. ఇంటింటికీ తిరిగి అర్జీ మీద సంతకాలు, వేలిముద్రలు పెట్టించింది. సీసాల్లో పంపు నీళ్లు పట్టి మూతలు బిగించింది. సోమవారం సోమవారం పెద్దిరాజు గారితో, ఇంకొందరు రైతులతో కలిసి బస్సెక్కి భీమవరం కలెక్టరాఫీసుకి వెళ్లి లైన్లో నిలబడింది. అక్కడి వాళ్లు కసురుకోలేదు, పొమ్మనలేదు. అర్జీ తీసుకుని, నీళ్లు పరీక్షకి పంపుతామని చెప్పి, తర్వాతి మనిషిని పిలిచేవారు.

జగన్నాథరావు గారు కూడా ఒక్క మాట పరుషంగా అనలేదు. కాపలాకి వేరే మనిషి దొరికాడనీ, కొన్నాళ్లు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమనీ ఏసుపాదానికి కబురంపారు. ఏసుపాదం ఆ రోజంతా అన్నం ముట్టలేదు. పెళ్లాం మీద చెయ్యెత్తే రకం కాదు గాని, మాట్లాడటం మానేశాడు. చివరికి కైకలూరు వైపు ఎవరివో చేపల చెరువుల మీద పని దొరికిందని గుడ్డలు సంచిలో సర్దుకున్నాడు.

"నీళ్లు కావాలన్నావుగా, తాగు," అన్నాడు గుమ్మం దాటుతూ.

పేటలోనూ గాలి మారింది. రొయ్యల తలలు తీసే షెడ్డుకి వెళ్లే ఆడపిల్లలు, మేత చల్లే మగవాళ్లు ఎంతమందో ఉన్నారు. మా నోట్లో మట్టి కొడతావా అని మొహం మీదే అడిగారు. పాస్టరు గారు పిలిచి, నువ్వు చేసేది తప్పని అనను గాని చర్చి రెండుగా చీలిపోతోందమ్మా, ఆ సంగతులు ఇక్కడ ఎత్తకు అని నెమ్మదిగా చెప్పారు. ఆవిడ తలూపింది. ఆ తర్వాత చర్చిలో తన పక్కన ఖాళీ ఉన్నా ఎవరూ వచ్చి కూర్చోవడం లేదని గమనించింది.

ఒక్క ధైర్యం మాత్రం మిగిలింది. పెద్దిరాజు గారు ఉన్నారు కదా, ఆయన మాటకి విలువుంటుంది కదా అనుకునేది.

గ్రామసభకి ముందు రోజు మిట్టమధ్యాహ్నం ఆయనే ఇంటికి వచ్చారు. కుర్చీ వేసినా కూర్చోకుండా పందిరి రాటకి ఆనుకుని నిలబడ్డారు.

"సువార్తా, ఈ మాట ఇంకొకళ్ల నోటి ద్వారా నీకు తెలియకూడదని వచ్చాను. పొలం జగన్నాథరావుకి ఇచ్చేశాను."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. "ఏ పొలమండి?" అంది.

"ఏ పొలమేంటి, ఉన్నదంతానే. మొన్నటి పంట మొత్తం తాలు. కోత మిషనువాడు గట్టు మీద నుంచే చూసి వెనక్కి పోయాడు. అంతకుముందుదీ అంతే. మూడు పక్కలా చెరువులు పెట్టుకుని మధ్యలో నేనొక్కణ్ణి వరి వేసి ఏం చేయను?"

"మరి మేమండి?"

ఆయన మొహం తిప్పుకున్నారు. కొబ్బరాకులు వాడిపోయి వేలాడుతున్న వైపే చూస్తూ ఉండిపోయారు.

"మీ సంగతి ఆలోచించలేదనుకోకు. ఆలోచించాను. నా చేతిలో ఏమీ లేదు."

తిట్టాలనిపించింది. తిట్టడానికి నోరు రాలేదు. ఆ చేలో తెల్లబడిన కంకుల్ని తానూ నలిపి చూసింది, ఒక్క గింజ తగల్లేదు. ఆ మనిషి మోసం చెయ్యలేదని, ఓడిపోయాడని ఆవిడకి తెలుస్తూనే ఉంది. అది తెలియడం వల్ల కోపం కూడా లేకుండా పోయింది.

"రేపు సభకి వస్తారాండి?" అని మాత్రం అడిగింది.

"ఏ మొహం పెట్టుకుని రమ్మంటావమ్మా," అని ఆయన తల వంచుకుని వెళ్లిపోయారు.

ఆయనతో పాటే మిగిలిన రైతులూ తప్పుకున్నారు. మర్నాడు సచివాలయం ముందు టెంటు కింద కుర్చీలు వేశారు. వచ్చిన అధికారిణి మర్యాదస్తురాలు, అందరి మాటా ఓపిగ్గా విన్నది. జోన్ వస్తే పనులొస్తాయని, రోడ్డు పడుతుందని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. జగన్నాథరావు గారు లేచి, పేటకి నీళ్ల ఇబ్బంది ఉన్నమాట నిజమేననీ, చర్చి పక్కనే సొంత ఖర్చుతో మంచినీళ్ల ప్లాంటు పెట్టిస్తాననీ అన్నారు. జనం చప్పట్లు కొట్టారు.

సువార్తమ్మ లేచి నిలబడింది. ఏం చెప్పాలో వారం రోజులుగా వంటగదిలో తనలో తాను వల్లించుకుంటూనే ఉంది. చేతికి మైకు వచ్చేసరికి ఒక్క ముక్క గుర్తురాలేదు.

"మాకు తాగడానికి నీళ్లు లేవండి," అంది.

"అందుకే కదమ్మా ప్లాంటు ఇస్తున్నారు," అంది అధికారిణి, దయగానే.

అందరూ నవ్వారు. ఎగతాళిగా కాదు, చిన్నపిల్ల పొరపాటు చేస్తే నవ్వినట్టు. ప్లాంటు నాలుగు రోజులు నడిచి ఆగిపోతే ఏంటి, పశువులేం తాగాలి, ఒకసారి చచ్చిన పొర మళ్లీ బతుకుతుందా, ఇవన్నీ అడగాలనుకున్నవే. మైకు ఎవరో మెల్లగా తీసుకున్నారు. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నప్పుడు ఎత్తిన చేతుల్లో ఆవిడ మరిది కూతురు ఆశాజ్యోతి చెయ్యి కూడా ఉంది. షెడ్డులో పని చేసే పిల్ల. ఆ చెయ్యి పైకెత్తి, పెద్దమ్మ వైపు చూడలేక నేల చూపులు చూసింది.

పెద్దిరాజు గారి చేలో పొక్లెయిను దిగింది. కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడిపోతుంటే ఆ చప్పుడు బడి వంటగదిలోకి వినిపించేది. మరుసటి ఏడాది బడి తెరిచేసరికి వంట పని వేరే డ్వాక్రా సంఘానికి ఇచ్చారు. వంట బాగా ఉండటం లేదని ఫిర్యాదులు వచ్చాయన్నారు. అది అబద్ధమని ఆవిడ అనలేకపోయింది. నీళ్ల ప్లాంటు పెట్టిన మాట నిజం, కొన్నాళ్లు నడిచిన మాటా నిజం. తర్వాత లోపల ఏదో పాడైందని తాళం వేశారు, మధ్యలో ఒకసారి తీశారు, మళ్లీ వేశారు. ఏసుపాదం పండక్కి వచ్చి వెళ్లాడు. మాట్లాడాడు గాని, అది చుట్టాలింటికి వచ్చినవాడి మాటలా ఉంది.

చినమెరకలో నాట్లు వేయడానికి చేలు మిగల్లేదు. ఇప్పుడు సువార్తమ్మ కాలవకి ఎగువనున్న గుల్లపాలెం వెళ్లి కూలి చేస్తోంది. అక్కడ ఒకరోజు గట్టు మీద క్యారేజీలు విప్పుకుని తింటుండగా, లోవలక్ష్మి అనే ఆవిడ పక్కకి జరిగింది. ఆవిడది గుల్లపాలెమే.

"మీటింగుల్లో మాట్లాడింది నువ్వే కదా అక్కా? మా ఊరిని కూడా ఆ జోన్‌లో కలుపుతారంట. మా బోరు నీళ్లు ఇప్పటికే కొంచెం ఉప్పగా వస్తున్నాయి. ఎవర్ని అడగాలి?"

చెప్పాల్సింది చాలా ఉంది. మీ రైతులు మీతో చివరిదాకా ఉండరని, మీ ఇంటాయన నీతో మాట్లాడటం మానేస్తాడని, మైకు చేతికొచ్చినప్పుడు నోరు ఎండిపోతుందని. ముద్ద మింగి, సోమవారం భీమవరంలో అర్జీలు తీసుకుంటారని, పెందలాడే వెళ్లకపోతే లైను పెద్దదైపోతుందని మాత్రం చెప్పింది. నువ్వూ రావా అంటే, రాలేనంది.

సోమవారం లోవలక్ష్మి చంకలో సంచి పెట్టుకుని గుల్లపాలెంలో మొదటి బస్సెక్కేసరికి, సువార్తమ్మ అప్పటికే అందులో కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. వాళ్లు చేరేసరికే లైను గేటు దాటి ఉంది. ఎండ ఎక్కుతుండగా లోవలక్ష్మి, "ఈసారైనా వింటారంటావా అక్కా?" అని అడిగింది.

"వినరు," అంది సువార్తమ్మ.

ముందున్నవాళ్లు కదిలారు. ఇద్దరూ కొంచెం ముందుకు జరిగి నిలబడ్డారు.