కొసరుగా వచ్చిన పొగ

చింతామణి ఊర్లో షామియానా ఆయనతో బేరమాడి గెలిచినవాడు నాకు తెలిసి ఒక్కడే. వాడు నేనే. పందిరి, కుర్చీలు, తెర కట్టే గడలు, ఇద్దరు మనుషుల కూలి, అంతా కలిపి ఆయన చెప్పినదాంట్లో సగానికి దించినాను. అక్కడితో ఆగితే మా నాయన కొడుకును కాను. మెట్టు దిగబోతా వెనక్కి తిరిగి, పెళ్ళిళ్ళలో దోమలకు పొగ కొట్టే మిషను ఉండాది కదా, దాన్ని కూడా ఊరికే పంపమన్నాను. పంపినాడు. మా అక్క పట్టుపురుగుల ఇంటి ముందర విషప్పొగ కొట్టించి, దానికి అప్పుడు పైసా కూడా ఇవ్వని ఘనత నాది.

మాది అంగడి వీధి. నాయనది కిరాణా. బియ్యం తూచినాక పిడికెడు, బెల్లం తూచినాక ముక్క, కొసరు వేస్తేనే బేరం ముగిసినట్టు. ఇచ్చేటప్పుడు గొణుగుతాడు, తాను కొనేటప్పుడు మాత్రం వదలడు. "కొసరు లేకుండా అంగడి దిగితే మెట్టు కూడా నవ్వుతాదిరా" అనేవాడు. ఆ మెట్టు నన్ను చూసి ఎన్నడూ నవ్వలేదు. క్షౌరం చేయించుకున్నా మెడ మీద ఇంకో రెండు గీతలు గీయించుకుంటే గానీ లేచే రకం కాదు నేను.

ఇక సంగతి. బెంగళూరు మ్యూజియం ఒకటి మనిషికీ ప్రకృతికీ ఉండే సంబంధం మీద వరసగా సినిమాలు చూపిస్తా ఊళ్ళు తిరుగుతా ఉండింది. మొదటిది చిక్కబళ్ళాపురంలో వేసినారు. రెండోది బాగేపల్లి. మూడోదానికి మా పక్క పల్లె ఏదైనా కావాలని, ఆ పని చూసే అమ్మాయి మా అంగడికి తాళ్ళు కొనడానికి వచ్చినప్పుడు అడిగింది. నేను వెంటనే, కెంచార్లహళ్ళిలో మా అక్క ఇంటిముందర పెద్ద కళ్ళం ఉండాది, బాడుగ అక్కర్లేదు అన్నాను. తాళ్ళు మాత్రం మా దగ్గరే కొనాలన్నాను. పందిరి, కుర్చీల బేరం కూడా నేనే చూస్తానన్నాను.

బాగేపల్లి ఆటకు నేనే పోయి చూసి వచ్చినాను. బడి మైదానంలో వేసినారు. తెర మీద అడవి, కింద జనం చప్పట్లు. మెచ్చుకుని కాదు, దోమల మీద. సగం సినిమాకు సగం మంది లేచిపోయినారు. ఆ అమ్మాయి ముఖం చూస్తే జాలేసింది. "దోమ కూడా ప్రకృతే కదా, సార్" అని నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. మా అక్క ఊర్లో అట్లా కానివ్వనని మాటిచ్చినాను. ఆ మాటే నా చేత పొగ మిషను అడిగించింది.

అక్క మొదట ఒప్పుకోలేదు. పురుగులు నాలుగో జ్వరం దాటి లేచినాయి. పొర విడిచే ముందు పురుగు మేత మాని పడుకుంటాది చూడండి, దాన్ని మా పక్క జ్వరం అంటారు. నాలుగోది దాటితే ఇక తినేదే పని, ఆ తర్వాత గూడు కట్టడమే. అక్క ముందటి పంట రోగమొచ్చి మొత్తం పోయింది.

"ఈ పంట కూడా పోతే మల్బరీ పెరికేసి టమోటా పెట్టేస్తా. ఇంక నా చేత కాదురా," అంది.

"సినిమా కళ్ళంలో కదక్కా, నీ పురుగుల ఇంట్లో కాదు కదా."

"జనం ఎవరూ ఇటు రాకూడదు. బీడీ వద్దు, పౌడరు పూసుకున్నోళ్ళు వద్దు."

"నేను కాపలా ఉంటా."

ఆ ఇంట్లోకి అగరొత్తి కూడా పోనివ్వదని నాకు తెలుసు. నేను పోయినా కాళ్ళు కడిగి, బ్లీచింగు నీళ్ళు తొక్కి పోవాల. తెలియక చేసిన పని కాదు. ఊరికే వచ్చేదానికి వాసన ఉంటుందని నాకు తోచలేదు, అంతే.

ఆ సాయంత్రం ఎండ దిగినాక జనం రాకముందే షామియానా పిల్లోడు మిషను భుజాన వేసుకుని కళ్ళం చుట్టూ తిరిగినాడు. తెల్లగా, దట్టంగా పొగ. ఎంత బాగా కొడతాండాడో అని నేను ముచ్చటపడతాండాను. అప్పుడు గాలి తిరిగింది. పొగ లేచి, పురుగుల ఇంటి దక్షిణం కిటికీ వైపు, దానికి అదే దోవ అన్నట్టు నడిచింది.

అక్క లోపల మేత వేస్తాండాది. ఆమె అరుపు విని పరిగెత్తినాను. కిటికీ మూసి, తడి గోనెపట్టాలు అడ్డం కడతాంది.

"ఎవుర్రా పొగ పెట్టింది?"

"ఆ షామియానాయన... అడక్కుండా పంపినట్టుండాడు."

ఆయన అప్పుడే కుర్చీలు లెక్క చూసుకుంటా నా వెనకాలే వచ్చి నిలబడినాడు. "అడక్కుండానా? కొసరు కొసరు అని ప్రాణం తీసింది నువ్వే కదప్పా!"

అక్క నన్ను తిట్టలేదు. నా చొక్కా వాసన చూసి, "నువ్వు లోపలికి రావద్దు" అని తలుపు వేసుకుంది.

సినిమా మొదలైంది. దోమ ఒక్కటి లేదు. జనం కదలకుండా కూర్చున్నారు. ఆ అమ్మాయి సంతోషంగా నా పక్క కుర్చీలో కూర్చుంది. తెర మీద ఏదో సముద్రం ఒడ్డు. ఒక ముసలామె వలలో పడిన ఎండ్రకాయల్ని ఏరి, గుడ్లున్నవాటిని మళ్ళీ నీళ్ళలోకి వదులుతాంది. నా వెనక ఒకాయన, "అదేమప్పా, చేతికొచ్చింది పారేస్తాండాదే!" అన్నాడు. "రేపటికి ఉండాలనప్పా" అని ఇంకొకాయన. జనం నవ్వినారు. నేను నవ్వలేదు. నా కళ్ళు తెర మీద లేవు. కిటికీ వెనక అక్క టార్చి వెలుగు పురుగుల తట్టలు పెట్టే ఒక స్టాండు నుంచి ఇంకో స్టాండుకు పోతాంది, ఆగుతాంది, మళ్ళీ పోతాంది. చచ్చినవాటిని ఏరుతాందా? ఊరికే చూస్తాందా?

"మీ అక్క బయటికి రారా, సార్?" ఆ అమ్మాయి అడిగింది.

"ఆమె లోపల వేరే సినిమా చూస్తాందమ్మా" అన్నాను. ఆ అమ్మాయి హాస్యమనుకుంది.

అందరూ పోయినాక తలుపు దగ్గర నిలబడి పిలిచినాను. అక్క తలుపు సందులోంచి ఒక ఆకు చాపింది. దాని మీద పురుగు తల పైకెత్తి అటూ ఇటూ ఊపుతాంది, నోట్లోంచి పచ్చటి నీళ్ళు. "ఇట్లాంటివి ఎన్నో చూడు పో" అంది. చూడమని కాదు, పొమ్మని.

పొద్దున దక్షిణం కిటికీ పక్క స్టాండ్లు ఖాళీ అయినాయి. చచ్చిన పురుగుల్ని గుంత తీసి సున్నం చల్లి పూడ్చినాము. గుంత తవ్వింది నేనే. ఆ పనికి మాత్రం నన్ను రానిచ్చింది. మిగిలినవి బతుకుతాయో లేదో ఎవరూ చెప్పలేకపోయినారు. మేతకు తలెత్తితే బతుకుతాయి, ఎత్తకపోతే లేదు. ఆ రోజుల్లో నేను రోజూ అంగడి మూసి స్కూటరేసుకుని పోయి, వాకిట్లో నిలబడి ఒక్క మాటే అడిగేవాణ్ణి: "తింటాండాయా?" "తింటాండాయి" అని లోపలినుంచి వస్తే ఇంటికొచ్చి అన్నం తినేవాణ్ణి. ఒకరోజు జవాబు రాలేదు. ఆ రోజు అక్క నిద్రపోయి ఉండింది. వాకిట్లో నిలబడిన నాకు ఆ సంగతి ఎట్లా తెలుస్తాది?

చివరికి మిగిలినవి పండినాయి. గూడు కట్టడానికి పురుగుల్ని వదిలే వెదురు తడకలు, చంద్రికలు, వాటి మీద గూళ్ళు కట్టినాయి. పలచగా కట్టినాయని మార్కెట్లో తక్కువ ధర పలికింది. కొనేవాడితో బేరమాడబోతే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు మాట్లాడొద్దులేరా."

ఇప్పుడు లెక్క. పందిరి, కుర్చీలు సగానికే వచ్చినాయి, అది నిజం. పొగ మామూలుగా ఎంతకు కొడతారని షామియానాయన్ని తర్వాత అడిగినాను. మూడొందలన్నాడు. అంటే నేను మిగిల్చింది ఆ మూడొందలు. అక్కకు పోయింది సగానికి సగం పంట. అక్క మల్బరీ మొత్తం పెరకలేదు, సగం పెరికింది. ఆ సగంలో ఇప్పుడు టమోటా ఉండాది. మిగిలిన సగం ఇంకా నిలబడే ఉండాది. ఎన్నాళ్ళుంటాదో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఆ పొగ కొసరు కాదు, కొన్నదే అనుకో అని ఆ మూడొందలు తీసుకుపోయి షామియానాయన చేతిలో పెట్టినాను. లెక్కపెట్టుకుని జేబులో వేసుకున్నాడు.