సీటు వెనక గరగర

ఢిల్లీ కరోల్ బాగ్‌లో కార్లకు సీటు కవర్లు, లైట్లు, పాటల సిస్టమ్‌లు బిగించే దుకాణాల వరసలో లింగయ్యను ఎరగనివాళ్లు తక్కువ. మహబూబాబాద్ దగ్గరి పల్లె నుంచి కాంట్రాక్టరు వెంట మెట్రో పనికి వచ్చినవాడు, ఆ పని ముగిశాక వెనక్కి పోలేదు. భాటియా దుకాణంలో చేరి వైరింగ్ నేర్చుకున్నాడు. పెళ్లి చేసుకుని గౌరిని తెచ్చుకున్నాడు. గౌరి పక్క సందులో, సివిల్స్‌కు చదివే తెలుగు పిల్లల మెస్‌లో వంట చేస్తుంది. వాళ్లకొక్కతే కూతురు, సాత్విక. తల్లిదండ్రులు తెలుగులో మాట్లాడితే అర్థం చేసుకుని హిందీలో బదులిస్తుంది.

అద్దాలు మూసిన కార్లలో కూర్చుని స్పీకర్లను పరీక్షించడమే ఇన్నేళ్లుగా లింగయ్య బతుకు. ఎప్పుడు మొదలైందో గాని, చెవులు మెల్లమెల్లగా మొరాయించసాగాయి. మొదట కుక్కరు విజిల్ వినపడటం మానేసింది. తర్వాత ఫోన్లో ఆడవాళ్ల మాటలు అలుక్కుపోయినట్టు రాసాగాయి. వింతేమిటంటే, లావు చప్పుళ్లు బాగానే వినిపిస్తాయి. లారీ హారన్, డోలు దెబ్బ, భాటియా కేక. సన్నవే పోయాయి. అందుకే బయటివాళ్లెవరికీ అనుమానం రాలేదు. ఎవరైనా ఏమైనా అడిగితే తలూపేవాడు. చాలాసార్లు తలూపితే సరిపోయేది.

ఒకరోజు పొద్దున గురుగ్రామ్ నుంచి నిరంజన్ అనే తెలుగు కుర్రాడు పెద్ద పికప్ ట్రక్కు తోలుకొచ్చాడు. ముందొక వరస, వెనకొక వరస సీట్లు, ఆ వెనక సామాను తొట్టి. తండ్రి సెంట్రల్ సెక్రటేరియట్‌లో పనిచేసేవాడట, కుర్రాడు పుట్టింది ఢిల్లీలోనే. లింగయ్య తెలుగువాడని తెలిసి మొహం విప్పారింది.

"అంకుల్, పాటకు దిమ్ము బాగా రావాలి, నాకు సబ్‌వూఫర్ స్పీకర్ కావాలి. కాని వెనక సీట్లో మా పాప కూర్చుంటుంది. సీటు కొంచెం కూడా ముందుకి జరగకూడదు."

"సీటెనక పెడ్త సార్. సన్నటి డబ్బా ఉంటది. జరగదు," అన్నాడు లింగయ్య.

నిరంజన్ ఏవో పనులు చూసుకొస్తానని వెళ్లాడు. లింగయ్య వెనక సీటు వీపును పట్టీ లాగి ముందుకు వంచాడు. దాని వెనక జాకీ, పానాలు, ఆ వెనక క్యాబిన్ గోడ రేకు. మధ్యలో బెత్తెడు జాగా. ఇంజను దగ్గరి బ్యాటరీ నుంచి తీగ లాగి, తలుపు అంచు పట్టీ కిందుగా వెనక్కి నడిపించాడు. ఎర్తు తీగ కోసం నేల మీద పెయింటు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది బోల్టు బిగించాడు. డబ్బాను గోడకు ఆనించి, కదలకుండా పట్టీలు వేసి, సీటును మళ్లీ నిలబెట్టాడు. గడియ టక్కున పడినట్టు చేతికి తెలిసింది. పాట పెట్టి వెనక సీట్లో కూర్చున్నాడు. వీపులోంచి గుండెల్లోకి దిమ్ము దిమ్ముమని తాకింది. పని కుదిరిందని తృప్తి పడ్డాడు.

నిరంజన్ వచ్చి పాట పెట్టించుకున్నాడు. కాసేపు తలాడించి ఆగిపోయాడు.

"అంకుల్, ఏదో గరగరమంటోంది. విన్నారా?"

లింగయ్య చెవి ఒగ్గాడు. దిమ్ము తప్ప మరేమీ లేదు.

"ఆ, ఇనబడ్డది సార్. ఇప్పుడే చేస్త," అన్నాడు.

అనేశాడు గాని, వినపడని చప్పుడును ఎక్కడని వెతకాలి? సీటు మళ్లీ వంచి ఒక్కొక్క చోటా అరచేయి ఆనించి చూశాడు. పాట నడుస్తుంటే రేకు, సీటు చట్రం, తలుపు, అద్దం, అన్నీ ఒకే తీరుగా వణుకుతున్నాయి. వాటిలో తప్పు చేస్తున్నది ఏదో చేతికి అందలేదు. డబ్బా పట్టీలు ఇంకా బిగించాడు. గోడకు స్పాంజి అతికించాడు.

"ఇప్పుడు సార్?"

"అలాగే ఉంది అంకుల్."

తలుపు పట్టీలు ఊడదీసి మళ్లీ నొక్కాడు. "ఇప్పుడు?"

నిరంజన్ మొహమాటంగా తల అడ్డంగా ఊపాడు. పాపం, అతనికి విసుక్కోవడం రాదు. అందువల్ల లింగయ్యకు మరింత చెమట పట్టింది. స్పాంజి ముక్క పట్టుకుని ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగాడు. దారి తప్పినవాడు అడిగేందుకు మనిషి కూడా కనపడనప్పుడు తిరిగినట్టుంది అది.

సరిగ్గా అప్పుడే మెస్‌లో వడ్డన ముగించుకుని గౌరి టిఫిన్ డబ్బాతో వచ్చింది. మనుషులు నిలబడి ఉండటం చూసి పక్కకు ఆగింది. లోపలినుంచి భాటియా వచ్చాడు. రెండు క్షణాలు విని మొహం చిట్లించాడు.

"అరే లింగయ్యా, ఇంత చప్పుడు! సునాయీ నహీ దేతా క్యా?"

వినపడట్లేదా అని ఆ బజారులో అందరూ అందరినీ రోజుకు పదిసార్లు అనే మాటే అది. లింగయ్య ఎప్పటిలాగే నవ్వబోయాడు. ఇంతలో వెనకనుంచి గౌరి గొంతు వచ్చింది.

"నహీ దేతా, భయ్యాజీ. నిజంగనే నహీ దేతా."

గౌరి ఏమందో లింగయ్యకు వినపడలేదు గాని, తిరిగి ఆమె మొహం చూడగానే, భాటియా మొహం చూడగానే తెలిసిపోయింది.

గౌరి టిఫిన్ బాక్సు కింద పెట్టి క్యాబిన్‌లోకి తల దూర్చింది. "పాట పెట్టు బిడ్డా," అంది నిరంజన్‌తో. ఒక్క నిమిషం విని, "గీడ్నే. జాకీ పెట్టే కొక్కెం కాడ," అంటూ వేలు పెట్టి చూపించింది. అక్కడ వేలు ఆనిస్తే గరగర ఆగింది, తీస్తే మొదలైంది. లింగయ్య ఆ కొక్కేన్ని అంతకుముందు రెండుసార్లు ముట్టుకున్నాడు. రబ్బరు పట్టీ చుట్టి గట్టిగా బిగించాడు. పని అయిపోయింది.

వెళ్తూ నిరంజన్ అతని భుజం మీద చేయి వేశాడు. "చా...లా... బా...గా... చే...శారు... అంకుల్," అని ఒక్కొక్క అక్షరం సాగదీసి, గట్టిగా అరిచాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. లింగయ్య తలవంచుకుని పానాలు ఏరుకున్నాడు.

సాయంత్రం గౌరితో ఇంటికి పోయేదారిలో లింగయ్య నడిరోడ్డు మీదే ఆగాడు. "నోట్లె మాట ఆగదా నీకు? నా కూడు నువ్వే పోగొట్టినవ్."

గౌరి అతనికెదురుగా వచ్చి నిలబడింది. "నువ్వు ఆడ దొంగ లెక్క నిలబడ్డవ్. పని రానోడనుకుంటున్నరు నిన్ను. సూడలేకపోయిన."

"నీకెప్పటిసంది తెలుసు?"

"కుక్కరు మాడిన కాడ్నించి."

గౌరి పట్టుబట్టి తీసుకుపోతే పెద్దాసుపత్రిలో చెవులు పరీక్షించారు. పెట్టెలాంటి గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడితే బటన్ నొక్కమన్నారు. అతను నొక్కిన సార్లు తక్కువ. చచ్చిన నరాలు తిరిగి రావని డాక్టరమ్మ చెప్పింది. చెవికి మిషన్ పెట్టుకుంటే మాటలు కొంత తెలుస్తాయంది. పెద్ద చప్పుళ్లకు దూరంగా ఉండకపోతే ఉన్నది కూడా పోతుందని గౌరి వైపు తిరిగి చెప్పింది, అతనితో కాదు.

భాటియా చెడ్డవాడు కాడు. పని మాన్పించలేదు. "నేను బిగిస్త, వినడం వేరేవాళ్లు వింటరు," అని లింగయ్య హిందీలో బతిమాలితే ఒప్పుకున్నాడు కూడా. నాని అనే కొత్త ఫిట్టర్ వచ్చి వినేవాడు. కొన్నాళ్లకు వినేవాడే బిగించడం మొదలుపెట్టాడు. ఒక పనికి ఇద్దరెందుకని ఎవరూ పైకి అనలేదు. లింగయ్యకు సీటు కవర్లు, కాళ్లకింది మ్యాట్లు మిగిలాయి. వాటికి చెవులతో పనిలేదు. నాని ఏదైనా కారులో పాట పెట్టినప్పుడు లింగయ్య మిషన్ తీసి జేబులో వేసుకుంటాడు. దుకాణం గోడకు వీపు ఆనిస్తే ఆ దిమ్ము ఇంకా తగులుతుంది. డాక్టరమ్మ మాట గుర్తొచ్చి అక్కణ్నించి లేచిపోతాడు.

ఇంట్లో కష్టం మరొకటి. మిషన్‌లో మాట సగమే తెలుస్తుంది, మిగతా సగం పెదవులు చూసి పట్టుకోవాలి. చిన్ననాటి నుంచి ఎరిగిన తెలుగు పెదవుల మీద కొంత చిక్కుతుంది గాని, కూతురి జోరు హిందీ ఏమాత్రం చిక్కదు. సాత్వికకు అది అర్థమవడానికి కొన్నాళ్లు పట్టింది. ఒక సాయంత్రం తండ్రి ఎదురుగా కూర్చుని, వెతుక్కుంటూ వెతుక్కుంటూ అంది.

"నాన్నా, స్కూల్‌ది... మీటింగ్ ఉన్నది. నువ్వు రావాలె."

"యాడికి?"

మళ్లీ చెప్పింది. మూడోసారికి అందింది.

స్కూలు గదిలో పంకాలు, జరుపుతున్న కుర్చీలు, పిల్లల అరుపులు అన్నీ కలిసి మిషన్‌లోంచి చెవిలో పడ్డాయి. టీచర్ హిందీలో, మధ్యమధ్య ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది. ఒకసారి నవ్వింది, ఒకసారి కనుబొమలు ముడిచింది, కాగితం మీద వేలు పెట్టి ఏదో చూపించింది. లింగయ్య ఆమె పెదవులనే చూస్తూ కూర్చున్నాడు. ఒక్క మాటా దొరకలేదు. చివరికి కూతురి వైపు చూశాడు.

సాత్విక అతని వైపు పూర్తిగా తిరిగి, నోరు బాగా తెరిచి చెప్పింది. "మంచిగ చదువుతున్ననంట."

"గంతసేపు మాట్లాడింది, గంతేనా?"

"గంతే."

లింగయ్య టీచర్ మొహం చూశాడు, కూతురి మొహం చూశాడు. ఎప్పటిలాగే తలూపి, టీచర్‌కు రెండు చేతులూ జోడించి లేచాడు.