చప్పుడు లేని జపాన్ కారు, మా నాన్న అనుమానం

మా చిన్నప్పుడు... రిసాలి అనే ఉక్కు ప్లాంటు కాలనీలో మా క్వార్టర్ ముందు ఒక ఆదివారం పొద్దున్నే ఎర్రటి చిన్న కారు వచ్చి ఆగింది. వీధిలో వాళ్ళు వేపపుల్లలు నోట్లో ఉండగానే చుట్టూ మూగారు. దిగింది మా మావయ్య... అమ్మకి అన్నయ్య, ప్లాంటులో ఇంజనీరు. జపాన్ వాళ్ళ సాయంతో మన దేశంలో తయారైన కారట. అలాంటిది అంతకుముందు మేమెవరమూ చూడలేదు.

నాన్న నెమ్మదిగా వచ్చి వేలి కణుపుతో తలుపు మీద టకటకా కొట్టారు. రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో పనిచేసే మనిషి... మందం చూస్తే తప్ప ఇనుమును నమ్మేవారు కాదు.

"ఏటి బావా ఇది? నూనె డబ్బా రేకు ఇంతకంటే మందంగుంటాది."

"బరువు తక్కువైతేనే కదేటి, పెట్రోలు తక్కువ తాగేది," అన్నారు మావయ్య.

"ఆ కంపెనీవోళ్ళు మొదట్లో ఏటి చేసీవోరు?"

"మగ్గాలు. తర్వాత మోటారు సైకిళ్ళు. ఆ తర్వాతే కార్లు."

"అయితే దీన్ని కూడా చీర నేసినట్టే నేసీసినారు!"

వీధంతా ఘొల్లుమంది. మావయ్య మొహం చిన్నబోయింది.

అమ్మ మాత్రం నవ్వలేదు. తమ్ముడు పుట్టినప్పుడు బతకడం కష్టమన్నారు. వాడి పుట్టువెంట్రుకలు సింహాచలం అప్పన్నకి ఇస్తానని మొక్కుకుంది. మా ఇళ్ళల్లో బేసి ఏట తప్ప జుట్టు తియ్యరు. నాన్నకి సెలవు దొరక్క అప్పటికే రెండుసార్లు ప్రయాణం ఆగిపోయింది. వాడికి మూడో ఏడు వెళ్ళిపోవడానికి ఇంకెన్నో రోజులు లేవు. రైల్లో రిజర్వేషన్ దొరకలేదు. అందుకే మావయ్య కారు తెచ్చారు... మమ్మల్ని తీసుకెళ్ళడానికి.

నాన్న ససేమిరా అన్నారు. ఆయనకొక పద్ధతి ఉండేది. ఏ బండైనా ఒక విశ్వకర్మ పూజ నుంచి ఇంకో విశ్వకర్మ పూజ దాకా, అంటే ఏడాది పాటు, తిరిగితేనే అందులో పిల్లల్ని ఎక్కించాలి. మా సైకిల్‌కి కూడా అదే నియమం!

"చప్పుడే లేదు దీనికి. చప్పుడు లేని ఇంజన్ని ఎవుడు నమ్ముతాడు? ఏదో మోసం ఉంది."

అమ్మ ఎప్పుడూ ఆయనకి ఎదురు చెప్పింది లేదు. ఆ రోజు తమ్ముడి చిక్కుల జుట్టు దువ్వుతూనే అంది... "మీ అనుమానం ఒగ్గకండి. దాన్నీ కార్లో ఎట్టుకుని రండి. నానైతే ఎల్తన్నాను."

నాన్న వచ్చారు. లావుపాటి తాడు, పానాల సంచి, నీళ్ళ డబ్బాతో సహా. అమ్మ తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది. నాన్న వెనక నా పక్కన, తలుపు హ్యాండిల్ మీద చెయ్యి వేసుకుని... దూకడానికి వీలుగా!

ధమ్తరి దాటాం, కాంకేర్ దాటాం. ఆగిన చోటల్లా ఆయన వంగి కారు కిందకి చూసేవారు, నూనె కారుతోందేమోనని. ఏమీ కారలేదు. ఏమీ కాకపోతున్న కొద్దీ ఆయన మొహంలో అనుమానం ఇంకా పెరిగేది.

కేష్కాల్ ఘాట్‌లో అమ్మవారి గుడి ఉంది. ఏ బండైనా అక్కడ ఆగి, దండం పెట్టుకుని గాని కదలదు. మావయ్య కారు ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగి, ఇంజన్ ఆపకుండానే కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. మేమూ జోడించాం.

అంతే... నాన్న తలుపు తీసుకుని దూకేశారు.

"ఆగిపోయింది! సెప్పాను కదేటి!" అంటూ వెనక్కి వెళ్ళి తోయడం మొదలుపెట్టారు. "బావా, న్యూట్రల్లో ఎట్టు!"

పక్కన ఆగిన లారీ డ్రైవర్ పగలబడి నవ్వాడు. "దాదా, గాడీ తో చాలూ హే! కాబర్ ధక్కా దేత్ హస్?" బండి నడుస్తూనే ఉంది, ఎందుకు తోస్తున్నావ్ అని.

నాన్న నమ్మలేదు. వాడూ మావయ్యా కూడబలుక్కున్నారేమో అన్నట్టు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

నాకు ఇంజన్ శబ్దం వినిపిస్తూనే ఉంది... సన్నగా, స్పష్టంగా. అమ్మకీ వినిపిస్తోంది. అమ్మ దిగి, నాన్న చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకొచ్చి, ఆ అరచేతిని బానెట్ మీద ఆనించింది.

నాన్న చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

అప్పటికి కొన్నాళ్ళుగా పిలిస్తే పలికేవారు కాదు ఆయన. కోపమనుకునేవాళ్ళం. రేడియో గట్టిగా పెడితే చాదస్తమనుకునేవాళ్ళం. మిల్లు రొద ఆయన చెవుల్ని కొంచెం కొంచెంగా తినేసిందని... ఆ కొండ మీద తెలిసింది మాకు. ఆయనకి ముందే తెలుసు. తెలిస్తే మిల్లులోంచి మార్చేస్తారని దాచారట.

మావయ్య వెక్కిరించలేదు. నాన్న దగ్గరగా వచ్చి, "ఎలాగూ దిగినావు కదా బావా... కొబ్బరికాయ కొట్టేసి రా," అన్నారు, గట్టిగా.

మొక్కు తీరింది. తమ్ముడి గుండుకి గంధం రాసింది నాన్నే. తిరిగొచ్చాక అమ్మ ఆయన్ని వెంటబెట్టుకుని ప్లాంటు ఆసుపత్రికి వెళ్ళింది. భయపడినట్టే స్టోర్స్‌కి మార్చారు. ఆయనకి ఆ నిశ్శబ్దం ఎప్పటికీ నచ్చలేదు.

ఆ కారు మావయ్య రిటైరయ్యేదాకా నడిచింది. టైర్లు, బ్యాటరీ మార్చడం తప్ప పెద్ద పనేదీ పెట్టలేదు. ఎవరైనా కారు గురించి అడిగితే నాన్న, "మంచిదే. సెయ్యెడితే తెలుస్తాది," అనేవారు.

ఇప్పుడు అదే ఊళ్ళో, స్మృతి నగర్‌లో మా ఇంటి ముందూ జపాన్ కారే ఉంది. మా అబ్బాయి ఫోన్‌లో కొన్నవాళ్ళు ఇచ్చిన రేటింగు నక్షత్రాలు చూసి కొన్నాడు. ఒక్కనాడూ మొరాయించలేదు. నేనే, ఎక్కిన ప్రతిసారీ దైవనామం తలుచుకుని గాని తలుపు వెయ్యను.

కార్లో అందరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లేవో పెట్టుకుని ఉంటారు. నేనేదైనా అంటే కాసేపాగి "క్యా మమ్మీ?" అంటారు. ఒక్కోసారి అదీ అనరు. అప్పట్లో నాన్న పలకకపోతే, వినబడక అని చివరికి తెలిసింది... వీళ్ళు పలకకపోతే ఏమనుకోవాలో నాకు తెలియడం లేదు.

మీ ఇళ్ళల్లోకి మొదటి కారు వచ్చినప్పుడు దాన్ని నమ్మని మనిషి ఎవరో ఒకరు ఉండే ఉంటారు... ఎవరు? వాళ్ళ భయమేమిటో అప్పుడు మీరు అడిగారా?