దుప్పట్లక్క సూది ఏ సైలోది?

పెద్దాసుపత్రి లాండ్రీలో పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఆమెను అందరూ దుప్పట్లక్క అంటారు. మూటలు వస్తాయి. ఏ వార్డు మూటో చెప్పే చీటీ ఒకటి కట్టి ఉంటుంది. ఆ చీటీ చింపి పారేసి, దుప్పట్లు దులిపి, మిషన్లో వెయ్యాలి. మిషను ఖాళీగా కనిపిస్తే సూపర్‌వైజరు ఊరుకోడు.

సోమవారం పొద్దున దులుపుతుంటే, మడతలో దాగిన సూది బొటనవేల్లో దిగింది. గ్లవ్స్ చిరిగి నెలయింది. వేలు కుళాయి కింద కడుక్కుని, అలవాటు కొద్దీ దుప్పట్లు మిషన్లో వేసి మీట నొక్కింది. చీటీ అప్పటికే చెత్తబండి ఎక్కేసింది.

ఎవరి రక్తమో తెలియని సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ సోకకుండా మూడు రోజుల్లోపు మందు మొదలుపెట్టాలని ఆమెకు తెలుసు. గోడ మీద బొమ్మతో సహా రాసి ఉంది. ఆ మందు బయట షాపుల్లో తేలిగ్గా దొరకదు.

క్యాజువాలిటీలో ఏ వార్డు సూదో రాయించుకు రమ్మన్నారు. రిజిస్టరులో ఆ గడి ఖాళీగా ఉండకూడదట. వార్డు సిస్టరు చీటీ ఏదని అడిగింది. నాలుగు వార్డుల మూటలు దిగే చోట సూది తమదేనని ఎలా ఒప్పుకుంటామంది. నువ్వు కాంట్రాక్టరు మనిషివి, మా ఫారం నీకు చెల్లదన్నారు ఆఫీసులో. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ ఆ పిడికెడు కూడా ఎవరూ పుచ్చుకోలేదు. వార్డు పేరు లేకపోయినా మందివ్వచ్చని వాళ్లందరికీ తెలుసు.

మంగళవారం సిబ్బందికి శిక్షణ పెట్టారు. మీరంతా సైలోల్లో పనిచేస్తున్నారన్నాడు వచ్చినాయన. ధాన్యం పోసే మేడంత ఎత్తు ఇనుప గాదెలు సైలోలట. పక్కపక్కనే ఉన్నా ఒకదాని గింజ ఇంకోదాంట్లో పడదు. ఒకరి సంగతి ఒకరికి పట్టని విభాగాలకు కంపెనీల వాళ్లు ఆ పేరే పెట్టుకున్నారట. సిస్టరూ, ఆఫీసు గుమాస్తా కూడా చప్పట్లు కొట్టారు.

దుప్పట్లక్క కట్టు కట్టిన వేలు ఎత్తింది. "మరి నా సూది ఏ సైలోదండీ?"

మంచి ప్రశ్న అని, ఆయన దాన్ని బోర్డు మీద రాసుకున్నాడు.

ఆమె భర్త ఇరవై ఏళ్లు ధాన్యం సైలోల్లో కూలి చేశాడు. సాయంత్రం ఇదంతా విని నవ్వాడు. "మధ్యలో మా సైలోల్ని ఆడిపోసుకోవడం దేనికే? మాలో ఒకడు లోపలికి దిగితే పైన ఇంకొకడు తాడు పట్టుకుంటాడు. ఏ షిఫ్టువాడైనా సరే, వీడు పైకొచ్చేదాకా వదలడు." తర్వాత ఆమె వేలు చూసి, రేపు నేనూ వస్తానన్నాడు.

బుధవారం ఇద్దరూ పొద్దస్తమానం తిరిగారు. గురువారం మధ్యాహ్నానికి మూడు సంతకాలతో కాగితం చేతికొచ్చింది. డాక్టరు తేదీ చూసి, గడియారం చూశాడు.

"గడువు దాటిపోయిందమ్మా. ఇప్పుడు మందిచ్చినా లాభం లేదు. ఆర్నెల్లు రక్తం పరీక్షించుకుంటూ ఉండాలి."

"అప్పటిదాకా మా ఆయనతో ఎలా మసలమంటారు సార్?"

"అది కౌన్సెలింగ్ విభాగం వాళ్లు చెప్పాలి. సోమవారం వస్తారు."

ఆమె బయటికొచ్చింది. బెంచీ మీంచి లేచి, మందిచ్చారా అని అడిగాడు భర్త.